‘వచ్చిండు’ కింద ఎర్రగీత

బడులు మూతపడి, బస్సులు డిపోల్లోనే నిలిచిపోయి, సిద్దిపేటలో ఉద్యోగమున్న ప్రతి మనిషీ ఏదో ఒక టెంటు కింద కూర్చుంటున్న రోజుల్లో మా ఇంటి కంప్యూటర్ కూడా పని మానేసింది. "గది గూడ సమ్మెల కూసున్నది" అని చెప్పి మా ఆయన తన ఆఫీసువాళ్ల శిబిరానికి వెళ్లిపోయాడు. తెలంగాణ వచ్చేదాకా దాన్ని బాగుచేయించే ఉద్దేశం ఆయనకు లేదని నాకు అర్థమైంది.

ఆ కంప్యూటర్లో ఉన్నవన్నీ దొంగ కాపీలే. ఆ సంగతి మాకు తెలియదని కాదు. తెర మూలన ‘ఈ కాపీ అసలుది కాకపోవచ్చు’ అని ఇంగ్లీషులో ఒక మాట ఎప్పుడూ కనిపిస్తూనే ఉండేది. గోడ మీద పాత క్యాలెండర్‌ను చూసినట్టే దాన్నీ చూసీ చూడనట్టు ఉండేవాళ్లం. ఎవరి పెన్‌డ్రైవులోంచి వచ్చిందో ఒక వైరస్ వచ్చి, నల్లటి తెర తప్ప ఏమీ మిగల్చలేదు. లోపల మా ఆడబిడ్డ పెళ్లి ఫోటోలన్నీ ఉన్నాయి. అత్తమ్మకు అదే దిగులు.

నేను అప్పట్లో కుకునూరుపల్లి దగ్గర ఒక ఊళ్లో లెక్కల టీచర్ని. బడి బంద్ కాబట్టి చేతినిండా తీరిక. అంతకుముందు వేసవిలో జరిగిన టీచర్ల శిక్షణలో ఒక సారు మాకు తలా ఒక సీడీ పంచి, ఇందులో కంప్యూటర్‌ను నడిపే లినక్స్ ఉంది, ఉచితం, ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరికైనా కాపీ చేసి ఇవ్వచ్చు, దొంగతనం కాదు అని చెప్పాడు. ఆ ఆఖరి మాట మా అందరికీ కొత్త. నేను ఆ సీడీని బీరువాలో చీరల కింద పెట్టి మరిచిపోయాను. ఇప్పుడు దాన్ని తీసి కంప్యూటర్లో పెట్టాను. హార్డ్ డిస్కును ముట్టుకోకుండానే అది సీడీ మీదనుంచే నడిచింది. ఎక్కడి ఫోటోలు అక్కడే ఉన్నాయి. వాటన్నిటినీ బయటికి తీసిపెట్టుకుని, పాతదంతా తుడిచేసి కొత్తది ఎక్కించాను.

"గీ సీడీ యాడ కొన్నవు బిడ్డా?" అని అడిగారు మామయ్య.

"కొనలేదు మామయ్యా. ఉత్తగనే ఇచ్చిన్రు."

"ఉత్తగ వచ్చింది ఉత్తదే అయితది" అన్నారాయన. మా దగ్గర ‘ఉత్త’ అంటే పైసలు లేకుండా వచ్చిందనీ అర్థమే, లోపల ఏమీ లేనిదనీ అర్థమే. ఆయన తెలుగు పండితుడు. ఒక్క దెబ్బకు రెండు అర్థాలూ వచ్చేలా మాట్లాడి, కళ్లజోడు సర్దుకుని, చప్పట్ల కోసం చూస్తున్నట్టు మా వైపు చూశారు. అత్తమ్మ పట్టించుకోలేదు. ఆమె కూతురి అప్పగింతల ఫోటో చూసి కళ్లొత్తుకుంటోంది.

మామయ్య గురించి కొంచెం చెప్పాలి. సర్కారు బళ్లలో తెలుగు చెప్పి రిటైరయ్యారు. ఈ చుట్టుపక్కల ఆయన చేతి ఎర్రసిరా తగలని మనిషి అరుదు. పిల్లలు ‘బాపు వచ్చిండు’ అని రాస్తే ‘వచ్చిండు’ చుట్టూ సున్నా చుట్టి పైన ‘వచ్చాడు’ అని రాసేవారు. సొంత కొడుకునూ వదల్లేదు. ‘పోయిండు’ అన్న ఒక్క మాటకు వ్యాసంలో మార్కులు పోయాయని మా ఆయన ఇప్పటికీ చెప్పుకుంటాడు. ఇంట్లో మాత్రం మామయ్య ‘వచ్చిండు, పోయిండు’ అనే మాట్లాడేవారు. నోటి భాష వేరు, రాత భాష వేరు అని ఆయన సిద్ధాంతం.

ఉద్యమం ఆ సిద్ధాంతాన్ని తలకిందులు చేసింది. రిటైరైన టీచర్ల టెంటులో మొదటిరోజు ఆయన గ్రాంథికంలో ఉపన్యాసం ఇచ్చారట. ముందు వరుసలో ఇద్దరు నిద్రపోయారట. తర్వాత మాట్లాడిన ఒకాయన "మన నీళ్లేడ వొయినయ్, మన కొలువులేడ వొయినయ్" అని మొదలుపెట్టగానే టెంటు దద్దరిల్లిందట. తెల్లారి నుంచి మామయ్య రాసే కరపత్రాలన్నీ మా మాటలోనే.

కరపత్రం రోజుకొకటి కావాలి. బజారులో డీటీపీ చేసే దుకాణం వాళ్లకు ఫ్లెక్సీల పనే తెమలడం లేదు. అందుకని ఒక పొద్దున మామయ్య కాగితం పట్టుకుని నా దగ్గరికి వచ్చారు.

"నీ ఉత్త కంప్యూటర్ల తెలుగు వస్తదా?"

వస్తుందని చూపించాను. ఇంగ్లీషు అక్షరాలు కొడుతుంటే తెలుగు పడే పద్ధతి అది. అదీ ఉచితమే. ఆయన ముఖం ముడుచుకుంది.

"తెలుగు రాయాలంటే ఇంగ్లీషును అడగాల్నా? మా ఇంటికి పోవుడుకు పక్కింటోల్ల తాళం తెచ్చుకున్నట్టున్నది."

"ఒక్కపారి కొట్టి చూడండి మామయ్యా."

ఒంటివేలితో కొట్టి చూశారు. ‘ల’కు చిన్నక్షరం, ‘ళ’కు పెద్దక్షరం అని చెప్పగానే ఆయన ముఖం విప్పారింది. "‘ళ’కు పెద్దక్షరమా? చేసినోడెవరో గని మర్యాద తెలిసినోడే" అన్నారు. అప్పటినుంచి ఆ కుర్చీ ఆయనదైపోయింది. కరెంటు పోయి యూపీఎస్ కీచుకీచుమంటున్నా లేచేవారు కాదు. అత్తమ్మ అన్నానికి పిలిచి పిలిచి, చివరికి కంచం తెచ్చి కీబోర్డు పక్కన పెట్టడం మొదలుపెట్టింది.

ఇక్కడే నేను అనవసరంగా ఒక ఉపకారం చేశాను. తెలుగు రాతలో తప్పులు పట్టే నిఘంటువు ఒకటి ఉచితంగా దొరుకుతుందని చదివి, దించి ఆ రాత సాఫ్ట్‌వేర్‌కు తగిలించాను. పండితుడికి ఇంతకన్నా మంచి కానుక ఏముంటుంది అనుకున్నాను. మరునాడు ఆయన కరపత్రం తెరవగానే తెరంతా ఎర్రగీతలు. ఎర్ర మిరపకాయలు ఆరబోసినట్టుంది.

"బిడ్డా, గీ గీతలేంది?"

"తప్పులుంటే చూపెడుతది మామయ్యా."

"యాడున్నయి తప్పులు?"

ఆయన వంగి ఒక్కొక్కటే చూశారు. వచ్చిండు కింద గీత. పోయిన్రు కింద గీత. గీడ, గాడ, ఏంది, ఎట్ల, అన్నిటికింద గీతలు. అనుమానం తీరక ‘వచ్చిండు’ చెరిపి ‘వచ్చాడు’ అని కొట్టారు. గీత మాయమైంది. మళ్లీ ‘వచ్చిండు’ కొట్టారు. గీత వచ్చి కూర్చుంది. మామయ్య కుర్చీలో వెనక్కి వాలారు.

గడపలో కూర్చుని పుంటికూర ఆకు తెంపుతున్న అత్తమ్మ తల ఎత్తకుండానే అంది.

"గది చేసినోడు నీ దగ్గర సదువుకున్నోడే అయ్యుంటడు."

నేను నవ్వు ఆపుకోవడానికి వంటింట్లోకి పోవలసి వచ్చింది. తిరిగి వచ్చేసరికి మామయ్య చెప్పులేసుకుని టెంటుకు వెళ్లిపోయారు.

ఆ రోజు శిబిరంలో ఆయన మాట్లాడిన మాటలు సాయంత్రానికి వీధివీధినా తెలిశాయి. "పుస్తకాలల్ల మన మాట లేదు. సినిమాలల్ల ఉన్నది గని జోకర్ నోట్ల ఉన్నది. ఆఖరికి కంప్యూటర్ల గూడ మన మాటకు జాగ లేదు" అన్నారట. గట్టిగా చప్పట్లు పడ్డాయట. ఆ చప్పట్ల మధ్య ఆయన పాత స్నేహితుడు ఒకాయన లేచి నిలబడ్డాడు. ఆయన మామయ్య బడిలోనే ఉర్దూ చెప్పి రిటైరయ్యాడు, మాకు ఉర్దూ సారు. ఇద్దరూ ఒకే స్టాఫ్‌రూంలో సగం జీవితం వాదించుకున్నవాళ్లు.

"పండిత్ సాబ్, గంత అన్యాయం జరిగితే ఊకుందుమా? ఆ సాఫ్ట్‌వేర్ ఆఫీసు యాడుందో చెప్పుండ్రి. ధర్నా చేద్దాం" అన్నాడు.

అది కనుక్కుందామని మామయ్య స్నేహితుడిని వెంటబెట్టుకుని ఇంటికి వచ్చారు. ఇద్దరికీ చాయ్ ఇచ్చాను.

"బిడ్డా, దీని ఆఫీసు యాడున్నది? హైదరాబాద్‌ల ఉన్నదా?" అని అడిగారు మామయ్య.

"దీనికి ఆఫీసు లేదు మామయ్యా."

"ఆఫీసు లేకుండ ఎట్లుంటది? యజమాని ఎవరు?"

"యజమాని గూడ లేడు. ఇష్టమున్నోల్లు తీరికున్నప్పుడు తలా ఇంత చేసి పెడుతున్నరు. వాళ్లకొచ్చిన మాటలు ఎక్కించిన్రు. మన మాటలు వాళ్లకు తెల్వవు, ఎక్కించలేదు. గంతే."

"మరి ఎక్కియ్యాలంటే దరఖాస్తు ఎవరికియ్యాలె?"

నేను మౌస్ తీసుకుని ‘వచ్చిండు’ మీద కుడిబటన్ నొక్కాను. చిన్న పట్టీ ఒకటి తెరుచుకుంది. అందులో ‘నిఘంటువుకు చేర్చు’ అని ఉంది. నొక్కాను. ఎర్రగీత పోయింది.

ఇద్దరు పెద్దమనుషులూ చాయ్ కప్పులతోనే తెర మీదికి వంగారు.

"గంతేనా?" అన్నారు మామయ్య.

"గంతే."

"ఎవరి దస్కతు అక్కర్లేదా?"

"అక్కర్లేదు. దీన్ని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అంటరు."

స్వేచ్ఛ అన్నమాట ఆయనకు నచ్చింది. అప్పటినుంచి ఆయన దాన్ని ఉత్త కంప్యూటర్ అనలేదు. కాకపోతే ఆయన ముఖంలో సంతోషంతో పాటు ఒక నిరుత్సాహం కూడా కనిపించింది. ధర్నాకు సిద్ధమై వచ్చిన మనిషికి తలుపు తాళం వేసి లేదని తెలిస్తే ఎలా ఉంటుందో అలా ఉన్నారు.

ఇక మాటలు ఎక్కించే పని మొదలైంది. పొద్దున ఇద్దరూ టెంటులో కూర్చుని, మధ్యాహ్నం మా ఇంట్లో కూర్చునేవారు. ఒకరు చెప్పడం, ఒకరు కొట్టడం. గంటకు పది మాటలు ఎక్కేవి కావు, ఎందుకంటే ప్రతి మాటకూ వాదన.

"దవాఖాన ఎక్కియ్యి" అన్నాడు ఉర్దూ సారు.

"అది మీ మాట. మాది వైద్యశాల."

"మీకు జ్వరమొస్తే యాడికి పోతరు పండిత్ సాబ్?"

మామయ్య గొంతు తగ్గించి, "దవాఖానకు" అన్నారు.

"మరింకేంది? వైద్యశాలకు ఎవరు పోయిన్రో ఒక్కల్ని చూపెట్టుండ్రి."

అలా దవాఖాన ఎక్కింది. దాని వెనకే కిరాయి, జాగ, పరేషాన్ కూడా ఎక్కాయి. ఒకరోజు ఆవేశంలో మామయ్య ‘తెలంగాన’ అని తప్పు కొట్టి, దాన్నే నిఘంటువుకు చేర్చేశారు. మా కంప్యూటర్‌కు అదే ఒప్పయి కూర్చుంది. దాన్ని వెతికి తీసేయడానికి నాకు ఒక పూట పట్టింది. మామయ్య మాత్రం చేసింది ఉర్దూ సారే అన్నారు.

ఇలా ఎక్కిస్తే మా ఇంటి కంప్యూటర్‌కు తప్ప ఇంకెవరికీ లాభం లేదని నేను చెప్పాను. అందరికీ చేరాలంటే ఆ నిఘంటువు చూసుకునే వాళ్లకు పంపాలి. వాళ్ల మెయిల్ చిరునామా సాఫ్ట్‌వేర్‌తో పాటే ఉంది. మాటలన్నీ ఒక ఫైలుగా చేసి, మామయ్య చెప్పినట్టే ఒక ముందుమాట రాసి పంపాను. జవాబు రాదని ఆయన పందెం కాశారు. రెండోరోజే వచ్చింది.

‘నమస్కారం అండి. మీరు పంపిన మాటలు చూసి చాలా సంతోషం కలిగింది. ఈ పని ఆదివారాల్లో నేను ఒక్కదాన్నే చేస్తున్నాను. మాది శ్రీకాకుళం’ అని మొదలైంది.

"ఆంధ్రామెనా?" అన్నారు మామయ్య. లేచి వరండాలోకి పోయి రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డారు. రోడ్డు మీద జై తెలంగాణ అంటూ బైకులు పోతున్నాయి. కాసేపటికి అక్కడినుంచే చెప్పారు. "మా మాటలను మీరు దిద్దే అవసరం లేదు అని రాయి."

"ఆమె దిద్దలేదు మామయ్యా. అడుగుతున్నది. ‘వచ్చిన్రు’ అని పెట్టాల్నా, ‘వచ్చిండ్రు’ అని పెట్టాల్నా, మీ దగ్గర రెండూ వినిపిస్తున్నయి, ఏది సరైందో చెప్పండి అంటున్నది."

మామయ్య లోపలికి వచ్చారు. ఆయన ముఖంలో కోపం లేదు. పరీక్షలో రానిది అడిగితే పిల్లలు పెట్టే ముఖం అది. అన్నేళ్లు మా మాటను కొట్టేశారే తప్ప, ఆ మాటను ఎలా రాయాలని ఆయనను ఎవరూ అడగలేదు. ఆయన తనను తాను అడుక్కోలేదు కూడా.

ఆ వారం ప్రజ్ఞాపూర్ చౌరస్తాలో వంటావార్పు పెట్టారు. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి, వందల మంది అక్కడే వండుకు తిని రాకపోకలు ఆపే నిరసన అది. మామయ్య ఎవరి బండి వెనకో కూర్చుని వెళ్లారు. అందరూ నినాదాలిస్తుంటే ఈయన పొయ్యి పొయ్యికీ తిరిగి, "అమ్మా, చుట్టాలు ఇంటికి... ఏమంటవు? వచ్చిన్రా, వచ్చిండ్రా?" అని అడిగారట. ఒకామె గరిటె పట్టుకుని, "ఎవరొచ్చిన్రు?" అని తల తిప్పి చూసిందట. ఒక ముసలమ్మ, మా పుట్టింటికాడ ‘అచ్చిండ్రు’ అంటరు అని కొత్తది చెప్పిందట. సాయంత్రం ఆయన ఇంటికి వచ్చేసరికి బట్టలనిండా పొగ వాసన, ముఖంలో ఓటమి.

"ఒక్క మాటకు మూడు రూపాలున్నయి" అన్నారు.

"మూడూ పెడదాం మామయ్యా."

"మూడూ ఒప్పెట్లయితయి బిడ్డా? ఒప్పు అన్నంక ఒక్కటే ఉండాలె."

ఆ రాత్రి సరిగ్గా తినలేదు. ఆ మర్నాటి పొద్దున నేను లేచేసరికే కంప్యూటర్ ముందు కూర్చుని, ఎవరి సాయమూ లేకుండా ఒంటివేలితో జవాబు రాస్తున్నారు. మధ్యాహ్నం భోజనాల వేళకు పూర్తయింది. ‘మూడింటిని చేర్చగలరు. నిర్ణయించుటకు నాకు అధికారము లేదని తెలుసుకొన్నాను’ అని ఉంది. ఎంత ఉద్యమమైనా బయటివాళ్లకు రాసేటప్పుడు గ్రాంథికమే వచ్చింది.

శ్రీకాకుళం ఆమె మళ్లీ రాసింది. ‘మా అమ్మ ఏమిటి అనడానికి ఏటి అంటుందండి. ఎల్లిపోనాడు అంటుంది. వాటికీ ఎర్రగీతే వస్తుంది. మీ ఫైలు చూశాక మావీ ఎక్కించాలనిపించింది’ అంది. మామయ్య ఆ మెయిల్ రెండుసార్లు చదివించుకున్నారు. తర్వాత ఇలా రాయించారు. ‘మీ ఏటిని తప్పక చేర్చండి. మా ఏంది పక్కన పెట్టండి. రాష్ట్రం మాత్రం మాకు వేరే కావాలి.’

దానికి ఆమె జవాబు ఒక్క ముక్కే. ‘రాష్ట్రం విషయంలో నేను మీతో లేనండి. మిగతా మాటలు మాత్రం ఆదివారంలోగా పంపండి.’

మామయ్య పగలబడి నవ్వారు. ఆ ఉద్యమ కాలమంతటిలో ఆయన అంతగా నవ్వడం నేను చూసింది అప్పుడే. "పిల్ల గట్టిది" అన్నారు. ఆమె ‘సంబంధం’ను ‘సంభందం’ అని రాసిందని తర్వాత గమనించి, ఆ దిద్దుబాటుతో ఒక ప్రత్యేక మెయిల్ పంపించారు. ఎర్రసిరా చేతికి అలవాటు పోలేదు.

సమ్మె ముగిసి నేను బడికి పోవడం మొదలుపెట్టాను. పోయిన రోజులకు బదులుగా ఆదివారాలు కూడా బడి పెట్టారు. నేను లేకపోయినా ఇంట్లో మెయిళ్లు నడుస్తూనే ఉన్నాయి. చలి తగ్గుతున్న రోజుల్లో కొత్త నిఘంటువు వచ్చిందని ఆమె రాసింది. మా నెట్ నత్తలాగా నడిచి దాన్ని దించేలోపు ఉర్దూ సారు రెండుసార్లు చాయ్ తాగాడు. మా ఆయన కూడా ఆ రోజు ఇంట్లోనే ఉన్నాడు.

సొంతంగా చేర్చుకున్న మాటలన్నీ పక్కన పెట్టి, కొత్త నిఘంటువు ఒక్కదానితోనే చూడాలని మామయ్య పట్టుబట్టారు. ‘బాపు వచ్చిండు’ అని కొట్టి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. గీత రాలేదు. ఇంకాస్త ఆగారు. రాలేదు. దవాఖాన కొట్టారు, రాలేదు. ఉర్దూ సారు లేచి అందరితో ఈద్ నాడు చేసినట్టు చేతులు కలిపాడు. మామయ్య కళ్లజోడు తీసి పంచె కొంగుతో చాలాసేపు తుడుచుకున్నారు. మా ఆయన వెనక నిలబడి, "నాయినా, మరి నా మార్కులు?" అని అడిగాడు. "నోరు మూసుకోరా" అన్నారాయన, కళ్లజోడు పెట్టుకుంటూ.

‘అచ్చిండ్రు’ కొడితే మాత్రం గీత వచ్చింది. మేమందరం ఆయన ఏమంటారోనని చూశాం. "ఒక్కతే చేస్తున్నది పాపం. పనిల పడి మరిచిపోయి ఉంటది. మల్ల రాద్దాం" అన్నారు.

ఇది రాస్తున్నప్పుడు కూడా నా కథనం ‘వచ్చాడు, పోయాడు’ అనే సాగుతోంది. చిన్నప్పుడు పడిన అలవాటు చేతికి అంటుకుపోయింది. నా నిఘంటువు రెండిటినీ ఒప్పుకుంటుంది. నా చెయ్యే ఇంకా ఒప్పుకోవడం లేదు.

తర్వాత మామయ్యకు కొత్త పిచ్చి పట్టుకుంది. ఆ ఉచిత సీడీని కాపీలు తీసి పంచడం. పింఛనుదారుల సంఘంలో అందరికీ ఇచ్చారు. పాలు పోసే ఆయనకు కూడా ఒకటి ఇచ్చారు, ఆ ఇంట్లో కంప్యూటర్ లేదని తెలిసి కూడా. ఎవరి ఇంట్లో కంప్యూటర్ ఆగిపోయిందని విన్నా స్కూటర్ తీసి బయలుదేరేవారు.

రాష్ట్రం వచ్చిన తర్వాత ఒక పెళ్లికి ప్రజ్ఞాపూర్ వెళ్లాం. అక్షింతలు వేసి కట్నం చదివించే చోట మామయ్య తెల్లటి కవరు ఒకటి ఇచ్చారు. రాసుకునే ఆయన దాన్ని పట్టుకుని చూసి, అది వంగకపోవడంతో మా వైపు అనుమానంగా చూశాడు.

"అండ్ల సాఫ్ట్‌వేర్ ఉన్నది. తప్పులు చూపెట్టే తెలుగు గూడ ఉన్నది" అని మామయ్య వివరించారు.

అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గబగబా భోజనాల వైపు నడిచింది. నేను వెనకే వెళ్లి నా పర్సులోంచి ఇంకొక కవరు తీసి ఎవరూ చూడకుండా చదివించి వచ్చాను. ఆ సంగతి మామయ్యకు ఇప్పటికీ తెలియదు.

వారం తిరక్కుండానే ఆ పెళ్లికొడుకు మామయ్యకు ఫోన్ చేశాడు. మా అందరికంటే అత్తమ్మే ముందు చెవి అప్పగించింది.

"సారు, సీడీ మంచిగ నడుస్తున్నది. మా బాపు దరఖాస్తు గూడ అండ్లనే రాసిన. గని పాటలు వినొస్తలేవు" అన్నాడట.

"స్పీకర్ వైరు సరిగ పెట్టిండ్రా?" అని మామయ్య అడుగుతూనే చొక్కా వేసుకోవడం మొదలుపెట్టారు. అత్తమ్మ అన్నం గిన్నె మీద మూత పెట్టేసి, ఆయన స్కూటర్ తాళం ఎక్కడుందో తానే చూపించింది.